బత్తాయి మీద వాలే రెక్కల పురుగుల్లో అసలు దొంగ ఏది? (ఫోటోలు పెట్టాను)

హాలియా_తోట
నాలుగెకరాల సాత్‌గుడి తోట మాది. కాయ రంగు తిరిగే టైముకు రాలడం మొదలైంది. రాలిన కాయ మీద గుండుసూది గుచ్చినంత బెజ్జం, దాని చుట్టూ రూపాయి బిళ్ళంత మేర మెత్తబడి ఉంటుంది. వేలితో నొక్కితే ఆ బెజ్జంలోంచి రసం చిమ్ముతుంది. మందుల షాపాయన పండు ఈగ అని చెప్పి ఎర బుట్టలు అంటగట్టాడు. కట్టాను. ఈగలు పడ్డాయి, కాయ రాలడం మాత్రం ఆగలేదు.

నిన్న రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని తోటలో తిరిగాను. కాయల మీదా, కింద రాలిన వాటి మీదా రెక్కల పురుగులే. వెలుతురు పడితే కళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి.

ఫోటో 1: కొమ్మకున్న కాయ మీద. ఎండిన ఆకు రంగు, పెద్దది.
ఫోటో 2: అదే కాయకు అవతలి పక్క. బూడిద రంగు కలిసిన గోధుమ, కాస్త చిన్నది.
ఫోటో 3: నేల మీద రాలిన కాయ దగ్గర. అరచేయంత ఉంది, ముదురు గోధుమ, రెక్కల మీద పెద్ద పెద్ద కళ్ళు.
ఫోటో 4: ఇది కూడా రాలిన కాయ మీదే. రెక్కలు పైకి నిలువుగా మూసుకుని కూర్చుంది.

ఫోన్‌లో యాప్‌కి చూపిస్తే మొదటి దానికి ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు, మూడోసారి 'ఎండుటాకు' అని చెప్పింది. ఇవన్నీ ఒకటేనా, వేరు వేరా? మా అమ్మ మాత్రం ఆ కళ్ళు చూసి మూడోదే దొంగ అని తేల్చేసింది.

మందుల_మావయ్య
రెక్కల పురుగుల్లో ఇదేంది అదేంది అని చూసుకుంటూ కూర్చుంటే కాయ మిగలదు తమ్మీ. పొద్దుగూకే టైముకు ఘాటుగా ఒక మందు కొట్టు, అన్నీ పోతాయి.

కొబ్బరాకు
'ఎండుటాకు' అన్న యాప్‌ని తిట్టకండి. ఆ పురుగు కోరుకున్నది కూడా సరిగ్గా అదే కదా.

రాత్రిపురుగు
మావయ్య గారు, కోతకు వారం ముందు పండు మీద ఘాటు మందు కొడితే అది తినేది మనమే.

హాలియా అన్నా, ఫోటోలు బాగున్నాయి. అయితే మొదటి రెండిట్లోనూ కనిపిస్తున్నది ముందు రెక్కలే. ఈ జాతుల్లో ముందు రెక్కలు దాక్కోవడానికి, అసలు గుర్తులు వెనక రెక్కల మీద ఉంటాయి. అవి ముందు రెక్కల కింద మూసుకుని ఉంటాయి కాబట్టి యాప్‌కి దొరకవు, మనకీ దొరకవు.

ఫోటో 1 ముందు రెక్క పొడవుగా, కొస దగ్గర కాస్త కొక్కెంలా తిరిగి, మధ్యలో ఆకు ఈనె లాంటి గీతతో ఉంది. తల ముందుకు ముక్కులా పొడుచుకు వచ్చింది చూడండి, అవి మూతికి రెండు పక్కలా ఉండే స్పర్శాంగాలు. ఇది యుడోసిమా అని నా అనుమానం. అంటే పండు రసం పీల్చే రెక్కల పురుగు. ఇందులోనూ మన దగ్గర ఒకటి కంటే ఎక్కువ జాతులు ఉన్నాయి.

ఒక పని చేయండి. ఎగరబోయే ముందు చిమ్మట, అదే మీ రెక్కల పురుగు, రెక్కలు వణికిస్తుంది, ఒళ్ళు వేడెక్కించుకోవడానికి. పుల్లతో మెల్లగా కదిపితే వణుకు మొదలవుతుంది. అప్పుడు ఫోటో కాదు, వీడియో తీయండి. తర్వాత ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపుకుంటూ వస్తే వెనక రెక్క ఎక్కడో ఒకచోట కనబడుతుంది. నారింజ రంగు కనిపిస్తే నా అనుమానం నిజమే. ఆ నారింజ మీద నల్ల మచ్చ ఏ ఆకారంలో ఉందో చెప్పండి.

కీటకాల_పీజీ
ముందు పండు ఈగ సంగతి. రాలిన కాయ కోసి చూశారా? లోపల తెల్లటి పురుగులు కదులుతుంటే ఈగ. రెక్కల పురుగు కాయ మీద గుడ్డు పెట్టదు, రసం తాగి పోతుంది. దాని బెజ్జంలోంచి బూజులు లోపలికి దిగి కాయ పులిసి రాలుతుంది. మీరు చెప్పిన సూది బెజ్జం, మెత్తటి వలయం, నొక్కితే రసం, ఇవన్నీ అచ్చంగా రెక్కల పురుగు లక్షణాలే.

హాలియా_తోట
కోశాను. పది కాయల్లో ఒక్కదాంట్లోనే పురుగులు. మిగతావి పులిసిన వాసన తప్ప ఏం లేవు.

అనంత_దానిమ్మ
మా దానిమ్మ తోటలో కూడా ఇదే గోల. వానలు పడ్డాక ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వీటి సీజన్. మావయ్యా, మందు కొట్టి చూశాం మేము. ఈ పురుగు తోటలో కాపురం ఉండదు. పగలంతా ఎక్కడో పొదల్లో పడుకుని చీకటి పడ్డాక వస్తుంది, తాగుతుంది, పోతుంది. ఆకు తినదు కదా, ఆకు మీద కొట్టిన మందుతో దానికేం పని?

మందుల_మావయ్య
అయితే పూజ చేయమంటారా?

కొబ్బరాకు
మూడో ఫోటోలోదానికి చేయొచ్చు. ఆ కళ్ళు చూస్తే నాకే దండం పెట్టాలనిపించింది.

రాత్రిపురుగు
మూడోదాని గురించి చెప్తాను, వాళ్ళ అమ్మగారు నిశ్చింతగా నిద్రపోతారు. అది ఎరెబస్ అనే చిమ్మట. ముందు రెక్క మీద ఒక్కో పెద్ద కన్ను, ఒళ్ళంతా ముదురు గోధుమ మీద అలలు అలలుగా గీతలు. ముందు రెక్క మీద అడ్డంగా తెల్లటి పట్టీ ఉంటే వేరే జాతి అనుకోవాలి, ఇక్కడ అది లేదు కాబట్టి ఎరెబస్ మాక్రాప్స్ అని నా ఓటు. ఇవి పులిసిన పండ్ల వాసనకు వస్తాయి. ఫోటోలో ఎక్కడుందో చూడండి, నేల మీద రాలిన కాయ దగ్గర. ఎవరో బెజ్జం పెట్టి వదిలేసిన దాన్ని నాకుతోంది. చూడటానికి భయంకరం, చేసే నష్టం దాదాపు సున్నా.

ఫోటో 4 సీతాకోకచిలుక.

హాలియా_తోట
రాత్రి తొమ్మిదింటికి సీతాకోకచిలుకేంది అన్నా?

వరిమడి
నాకూ అదే డౌటు. రాత్రి తిరిగేది చిమ్మట, పగలు తిరిగేది సీతాకోకచిలుక. చిన్నప్పుడు చదువుకున్నది ఇదే కదా.

రాత్రిపురుగు
ఆ లెక్క రెండు వైపులా తప్పుతుంది. ఇది ఈవెనింగ్ బ్రౌన్ అనే సీతాకోకచిలుక, మెలానిటిస్ లెడా. మునిమాపు వేళ ఎగురుతుంది, ఇంట్లో లైటుకు కూడా వస్తుంది, కుళ్ళిన పండు దానికి ప్రాణం. దీని గొంగళిపురుగు గడ్డి, వరి ఆకు తింటుంది కాబట్టి వరిమడి గారి పొలంలో కూడా ఉండే ఉంటుంది. రెక్కలు నిలువుగా మూసింది చూడండి. అంతకంటే గట్టి గుర్తు మీసాలు. ఫోటో పెద్దది చేస్తే మీసం కొస దగ్గర లావుగా, చిన్న గదలా కనబడుతుంది. చిమ్మట మీసం దారంలా సన్నగా పోతుంది, లేదా దువ్వెనలా పళ్ళు పళ్ళుగా ఉంటుంది.

అటువైపు, పట్టపగలు తిరిగే చిమ్మటలూ ఉన్నాయి. సెఫొనోడిస్ హైలస్ అని ఒకటి, రెక్కలు గాజులా ఉంటాయి. కోశం నుంచి బయటికి వచ్చినప్పుడు దాని రెక్కల మీద పొలుసులు ఉంటాయి, మొదటిసారి ఎగరగానే రాలిపోతాయి. చాలామంది దాన్ని తుమ్మెద అనుకుంటారు.

నందివర్ధనం
చర్చ మధ్యలో దూరుతున్నా, తిట్టకండి. విజయవాడ, మేడ మీద కుండీలు. నందివర్ధనం చెట్టు రాత్రికి రాత్రి బోడి అయిపోతోంది. వెతికితే వేలంత లావు పచ్చటి పురుగు. తల వెనక రెండు నీలం కళ్ళు, తోక మీద చిన్న కొమ్ము. ఇది మీ ఎరెబస్ చుట్టమా?

కీటకాల_పీజీ
కాదండి. అది గన్నేరు హాక్ మాత్ అనే పెద్ద చిమ్మట పిల్ల, డాఫ్నిస్ నెరీ. గన్నేరు, నందివర్ధనం రెండూ తింటుంది. ఆ నీలం కళ్ళు కళ్ళు కావు, పిట్టల్ని బెదిరించే బొమ్మలు. చంపకుండా ఒక డబ్బాలో మట్టి, ఎండుటాకులు వేసి పెంచండి. కోశం కట్టే ముందు గోధుమ రంగుకు తిరుగుతుంది. తర్వాత వచ్చే చిమ్మటను చూస్తే మీ చెట్టు పోయిన బాధ మర్చిపోతారు. ఆకుపచ్చలో ఇన్ని షేడ్లు పట్టుచీరల షాపులో కూడా చూపించరు.

నందివర్ధనం
చెట్టు నాది కాదు, మా అత్తగారిది. పెంచుతున్న సంగతి ఆవిడకు తెలియకూడదు.

వరిమడి
మా వరిలో ఇంత తలనొప్పి లేదు. కాండం తొలుచు పురుగు అయితే పసుపు రెక్క మీద చెరో నల్ల చుక్క. చుక్క కనబడితే అదే, లేకపోతే కాదు. అంతే.

కీటకాల_పీజీ
చుక్క స్పష్టంగా ఉండేది ఆడదానికే అన్నా. పొట్ట చివర లేత పసుపు నూగు కుచ్చు కూడా ఆడదానికే, గుడ్ల మీద కప్పేది ఆ నూగే. మగది చిన్నగా, గోధుమ రంగులో ఉంటుంది, ఆ పెద్ద చుక్క ఉండదు. ఇప్పుడు ఆలోచించండి. మీరు పొలంలో పెట్టే లింగాకర్షక బుట్ట ఆడదాని వాసనతో పిలుస్తుంది, అందులో పడేవి మగవే. చుక్క కోసం వెతికి, లేదని బుట్ట దులిపేస్తే ఏమవుతుంది?

వరిమడి
...

వరిమడి
ఈ సంగతి బుట్టలు ఇచ్చినప్పుడు ఎవడూ చెప్పలేదు.

అనంత_దానిమ్మ
మొక్కజొన్నలో కత్తెర పురుగుదీ ఇదే కథ. 2018లో మన దేశంలోకి దిగినప్పుడు బుట్టలో పడ్డవి కత్తెర పురుగా, పొగాకు లద్దె పురుగా అని ఊరంతా వాదన. కత్తెర పురుగు మగదానికి ముందు రెక్క కొస దగ్గర తెల్లటి మచ్చ ఉంటుంది. లద్దె పురుగు రెక్క మీద తెల్ల గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. తాజాగా పడ్డది అయితే చూడగానే తేడా తెలుస్తుంది. రెండు రోజులు బుట్టలో కొట్టుకున్నదైతే పొడి మొత్తం రాలి, ఏదైనా ఒకటే బూడిద.

రాత్రిపురుగు
అందుకే ఎవరైనా చిమ్మట ఫోటో పెట్టి పేరడిగితే నేను మొదట చూసేది రెక్క ఎంత అరిగిందో. రెక్క మీద పొడి అంటే పొలుసులే. రంగు, గీత, మచ్చ అన్నీ వాటితోనే. పొలుసులు పోతే మిగిలేది ఆకారం, ఈనెలు.

హాలియా_తోట
వీడియో తీసిన అన్నా! మా తమ్ముడు టార్చి పట్టుకుంటే నేను వేపపుల్లతో కదిపిన. వణికింది, ఎగిరింది, నా మొహం మీదికే వచ్చింది. ఫ్రేములు ఆపి పెట్టాను. వెనక రెక్క నారింజ రంగే! అంచుకు నల్ల పట్టీ, మధ్యలో నల్లగా పెద్ద మచ్చ.

కానీ ఒక తిరకాసు. రెండు వీడియోలు, రెండు వేర్వేరు పురుగులు. ఒకదాని మచ్చ కామాలా వంగి ఉంది. రెండోదాని మచ్చ గుండ్రంగా ఉంది. ముందు రెక్కలు చూస్తే రెండూ ఎండుటాకులే.

రాత్రిపురుగు
భలే తీశారు! తిరకాసేం లేదు, మీ తోటకు వచ్చేవి రెండు జాతులు. కామాలా వంగినది యుడోసిమా ఫలోనియా, గుండ్రటి మచ్చది యుడోసిమా మెటర్నా. మచ్చ ఒక్కటి చాలు, ముందు రెక్క జోలికి పోనక్కర్లేదు. ముందు రెక్క పట్టుకుంటే ఇంకా గందరగోళం, ఎందుకంటే ఒకే జాతిలో ఆడా మగా కూడా ఒకలా ఉండవు. ఫలోనియాలో మగదాని ముందు రెక్క దాదాపు సాదా గోధుమ, ఆడదానికి లేత మచ్చలు కలగాపులగంగా ఉంటాయి. మీ యాప్ ఒకే పురుగుకు రెండు పేర్లు చెప్పిందన్నారు కదా, మీరు చూపించినవి నిజంగానే రెండు పురుగులు అయ్యుండొచ్చు.

కొబ్బరాకు
అంటే యాప్ కరెక్టేనన్నమాట. ఎండుటాకు అన్న ఒక్కసారి తప్ప.

బ్రిస్బేన్_బుజ్జి
ఇక్కడ ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో కూడా ఈ రెండూ ఉన్నాయి! కమలా, స్టార్ ఫ్రూట్, లిచీ, ఏదీ వదలవు. ఊళ్ళో బత్తాయి తోట వదిలి ఇంత దూరం వస్తే పురుగు ముందే వచ్చి కూర్చుంది. ఒక సంగతి, పాత పుస్తకాల్లో వెతికేవాళ్ళు ఓథ్రిస్ ఫుల్లోనియా, ఓథ్రిస్ మెటర్నా అని వెతకండి. అవే ఇవి.

కీటకాల_పీజీ
ఇక ఫోటో 2 మిగిలింది. నాకు అది ఆముదం దాసరి పురుగు తల్లిలా ఉంది, అకేయా జనాటా. హాలియా అన్నా, పక్కన ఆముదం చేను ఉందా?

హాలియా_తోట
ఉంది. మా బామ్మర్దిదే. దాసరి పురుగు పడి ఆకులన్నీ జల్లెడ చేసింది.

కీటకాల_పీజీ
అయితే దాదాపు ఖాయం. దీనికి కూడా వెనక రెక్కే సాక్ష్యం. నల్లటి రెక్క, మధ్యలో అడ్డంగా తెల్ల పట్టీ, బయటి అంచున మూడు పెద్ద తెల్ల మచ్చలు. ముందు రెక్క మాత్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. పిల్లగా ఉన్నప్పుడు ఆముదం తింటుంది, తల్లి అయ్యాక పండు రసానికి వస్తుంది. బత్తాయి పురుగుల జాబితాలో దీని పేరు ఉంటుంది, ఇది కూడా దొంగే.

రాత్రిపురుగు
జాబితాలో ఉండటం వేరు, బత్తాయి తొక్కకు బెజ్జం పెట్టడం వేరు. తొండం చూడాలి. యుడోసిమా తొండం కొస గట్టిగా, ముళ్ళు ముళ్ళుగా, కొక్కేలతో ఉంటుంది. దాన్ని తిప్పుతూ రంపంలా తొక్కలోకి దించుతుంది. చిమ్మటల్లో చాలావాటికి తొండం కొస మెత్తన, తేనె పీల్చుకోవడానికి తప్ప పనికిరాదు. అకేయా పల్చటి తొక్క ఉన్న పండును గుచ్చగలదేమో గానీ, పచ్చి దోరగా ఉన్న సాత్‌గుడి తొక్కను? నేను నమ్మను. యుడోసిమా పెట్టిన బెజ్జం దగ్గర రెండో బంతిలో కూర్చున్నదే ఇది. ఫోటో 1, ఫోటో 2 ఒకే కాయ మీద తీసినవి కదా.

కీటకాల_పీజీ
అకేయా కూడా స్వయంగా గుచ్చుతుందని మా సార్లు చెప్పారు.

రాత్రిపురుగు
ఏ పండును?

కీటకాల_పీజీ
అది అడిగి చెప్తాను. 😐

మందుల_మావయ్య
రెండో బంతో మూడో బంతో, కాయ మీద కూర్చున్నది దొంగే. పోలీసులు ఇట్లనే వాదించుకుంటారు, దొంగ ఇంటికి పోయి అన్నం తింటాడు.

అనంత_దానిమ్మ
మావయ్య మాటలో కొంత నిజం లేకపోలేదు గానీ, తేడా తెలిస్తే డబ్బు మిగులుతుంది. రెండో బంతివాళ్ళు రాలిన కాయల వాసనకు వస్తారు. రోజూ రాలిన కాయలు ఏరి దూరంగా గోతిలో పూడిస్తే వాళ్ళు తగ్గుతారు. మొదటి బంతివాళ్ళు దానికి లొంగరు. వాళ్ళ పిల్లలు ఎక్కడ పెరుగుతున్నాయో వెతకాలి.

రాత్రిపురుగు
సరిగ్గా అదే. యుడోసిమా పిల్ల బత్తాయి ఆకు ముట్టదు. తిప్పతీగ, దూసరతీగ, ఆ కుటుంబం తీగలే దాని తిండి. కంచె మీద ఉన్నాయేమో చూడండి. పిల్లను గుర్తుపట్టడం తల్లిని పట్టడం కంటే తేలిక. నూగు ఉండదు, నున్నగా వెల్వెట్‌లా ఉంటుంది, గోధుమ నుంచి నలుపు దాకా ఏ రంగైనా కావచ్చు. ఒంటికి రెండు వైపులా రెండేసి కళ్ళ బొమ్మలు. ముట్టుకుంటే తల కిందికి ముడిచి, వెనక భాగం పైకి లేపి నిలబడుతుంది.

బ్రిస్బేన్_బుజ్జి
పసిఫిక్ దీవుల్లో మాత్రం ఫలోనియా పిల్లలు బాడిద చెట్టు జాతి మీద పెరుగుతాయి. మన దగ్గరా, ఇక్కడ ఆస్ట్రేలియాలోనూ తీగలే. ఒకే చిమ్మట, ఊరు మారితే తిండి మారింది. నాకు గోంగూర దొరకనప్పుడు పాలకూర తిన్నట్టు.

హాలియా_తోట
పొద్దున్నే కంచె చుట్టూ తిరిగి వచ్చిన. తిప్పతీగ ఒక పక్క మొత్తం అల్లుకుంది. కరోనా అప్పుడు కషాయానికని మా అమ్మే నాటింది, ఇప్పుడు కంచెకంతా పాకింది. ఆకులు సగం తినేసి ఉన్నాయి. నల్లటి పురుగు, పక్కన కళ్ళు, నేను ముట్టుకోగానే తల ముడిచింది. మీరు చెప్పింది చెప్పినట్టు.

తీగ పీకేస్తానంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. 'కళ్ళున్న పెద్దదాన్ని వదిలేసి నా మందు చెట్టు మీద పడ్డారా' అంటోంది.

కొబ్బరాకు
అమ్మగారి తరపున వాదించడానికి నేను రెడీ. ఫీజు ఒక బుట్ట బత్తాయిలు, బెజ్జం లేనివి.

నందివర్ధనం
తీగ ఒక్కటి కుండీలో ఉంచి మిగతాది పీకొచ్చు కదా. రోజూ ఆకు తిప్పి చూసుకుంటే చాలు. పురుగు కనబడితే ఏరేయడమే. నా అనుభవంతో చెప్తున్నా, కుండీలో ఉన్నదాన్ని కాపలా కాయొచ్చు, కంచె మీద ఉన్నదాన్ని కాయలేం.

హాలియా_తోట
ఇది అమ్మకు నచ్చింది అక్కా. నాకూ నచ్చింది.

మందుల_మావయ్య
తోట కంచె పీకితే సరిపోతుందా? గుట్టల నిండా దూసరతీగే. ఆ పురుగు ఎగిరే పురుగు. సాగర్ గుట్టల నుంచి రాదని గ్యారంటీ ఉందా?

అనంత_దానిమ్మ
లేదు. ఈ మాట మాత్రం మావయ్య సరిగ్గా చెప్పాడు. మా పక్క కంచెలు ఎంత శుభ్రం చేసినా బయటి నుంచి వచ్చేవి వచ్చాయి, కాకపోతే తగ్గాయి. మేం మునిమాపు నుంచి తోటలో అక్కడక్కడ తడి చెత్తతో పొగ పెడతాం. దానిమ్మ కాయలకు సంచులు తొడుగుతాం. బత్తాయి చెట్టుకు వందల కాయలు కదా, అన్నిటికీ కష్టం.

వరిమడి
దీపపు ఎర పెడితే? మా దగ్గర కాండం తొలుచు పురుగులు కుప్పలు కుప్పలుగా పడతాయి.

రాత్రిపురుగు
యుడోసిమా దీపానికి పెద్దగా రాదు. దానికి పండు వాసనే దారి. జపాన్ పండ్ల తోటల్లో అయితే ఉల్టా, రాత్రంతా పసుపు లైట్లు వెలిగిస్తారు. ఆ వెలుగులో దాని కళ్ళు పగటి స్థితిలోకి వెళ్ళిపోయి, ఎగరడం, రసం తాగడం తగ్గిస్తుంది. మన కరెంటుతో ఎకరాలకు ఎకరాలు అలా వెలిగించడం అయ్యే పని కాదు.

అనంత_దానిమ్మ
దీపానికి వచ్చేవాటిలో రాజు మా వేరుశెనగ ఎర్ర గొంగళి తల్లి. తొలకరి వాన పడిన రాత్రుల్లో చేలల్లో మంటలు వేసేవాళ్ళు మా నాన్నవాళ్ళు, వచ్చి పడేవి. తెల్లటి ముందు రెక్క మీద గోధుమ చారలు, ముందు అంచున పసుపు గీత. ఇదే చుట్టంలో ఇంకో జాతికి ఆ గీత ఎరుపు. అంత చిన్న గీతతో జాతి మారిపోతుందని చిన్నప్పుడు తెలియదు, రెండూ ఒకే మంటలో వేసేవాళ్ళం.

నువ్వుల_చేను
పురుగుల చర్చ అని చదువుతూ వచ్చాను, నాదీ ఒకటి. తేనెపెట్టె మీద పెద్ద చిమ్మట, వీపు మీద అచ్చం పుర్రె బొమ్మ. పట్టుకుంటే కీచుమని అరిచింది! వదిలేసి పరిగెత్తాను.

కీటకాల_పీజీ
తేనె తాగడానికి వచ్చింది, అకెరాంషియా. మీ నువ్వుల చేలో కొమ్ము ఉన్న పెద్ద పచ్చ పురుగు చూసే ఉంటారు, దాని తల్లే ఇది. మన దగ్గర రెండు జాతులు. పుర్రె చూసి తేల్చలేం, రెండింటికీ ఉంటుంది. వెనక రెక్క చూడండి. ఎక్కువ భాగం పసుపు, దాని మీద రెండు నల్ల పట్టీలు ఉంటే స్టిక్స్. రెక్క మొదట్లో కూడా పెద్ద నల్ల మచ్చ ఉండి, మొత్తంగా నలుపు ఎక్కువ కనిపిస్తే లకెసిస్.

నువ్వుల_చేను
అరుస్తున్నదాని వెనక రెక్క ఎత్తి చూడమంటారా? మీరు రండి, చూపిస్తా.

రాత్రిపురుగు
గాజు సీసాలో పెట్టి పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లబడి కదలకుండా ఉంటుంది, రెక్క మెల్లగా జరిపి ఫోటో తీసి బయట పెట్టండి. తేరుకుని ఎగిరిపోతుంది, ఏమీ కాదు. ఫ్రిజ్ ఎవరిదో ముందు కనుక్కుని పెట్టండి, ఇది నా సంసారానుభవం.

అన్నట్టు, రెక్కలు విప్పినప్పుడు ముందు రెక్కకూ వెనక రెక్కకూ మధ్య కిందివైపు ఒక ముల్లు ఉంటుంది, రెండు రెక్కల్ని కలిపి పట్టుకునేది. భూతద్దంతో చూస్తే మగదానికి ఒకే లావు ముల్లు, ఆడదానికి కొన్ని సన్నటి ముళ్ళ గుత్తి. చాలా చిమ్మటల్లో ఆడా మగా తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. దసలి పట్టు పురుగు లాంటి వాటికి మాత్రం ఈ ముల్లే ఉండదు, వాటికి మీసాలు చూడాలి. మగదాని మీసం వెడల్పాటి దువ్వెన.

కీటకాల_పీజీ
సార్‌ని అడిగాను. అకేయా టమాటా, జామ లాంటి మెత్తటి పండ్లను గుచ్చుతుందట. బత్తాయి గురించి అడిగితే 'నువ్వే తొండం కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూడు' అన్నారు. హాలియా అన్నా, రెండోదాన్ని రెండు పట్టి పంపించగలవా? రెక్క నలగకుండా, కాగితం త్రికోణంగా మడిచి అందులో పెట్టు.

హాలియా_తోట
పంపిస్తా తమ్మీ. ఫ్రిజ్ మా వదినది, అడగాలి.

మోడరేటర్
నందివర్ధనం, నువ్వుల_చేను పోస్టులు హాక్ మాత్‌ల చర్చలోకి మారుస్తున్నాను, అక్కడ కొనసాగించండి. వరి సంగతి ఇక్కడే ఉండనిస్తున్నా, బుట్టల విషయం అందరికీ పనికొస్తుంది.

హాలియా_తోట
అనంత అన్నా, కోతకు దగ్గరగా ఉన్న నలభై చెట్ల వరకైనా సంచులు తొడుగుదామని ఉంది. రేపు మిర్యాలగూడ పోతున్నా. బట్ట సంచులా, కాగితం సంచులా? గాలి ఆడకపోతే కాయ చెడిపోతుందని భయం.

అనంత_దానిమ్మ
పల్చటి తెల్ల నాన్‌వోవెన్ బట్ట సంచులు తీసుకో, గాలి ఆడుతుంది, వానకు చిరగవు. సంచి మాత్రం కాయకు బిగుతుగా అంటుకోకూడదు. అంటుకుంటే బట్ట మీద నుంచే గుచ్చుతుంది. పైన కాడ దగ్గర మూతి బాగా బిగించు, అడుగున ఖాళీ వదులు.